ఎత్తయిన కొండ మీద స్ఫటికాల వేట: తొర్ర ఎక్కడుంటుంది, ఎట్లా తెరవాలి

(హన్మకొండలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. బయట ఎండ మండిపోతుంటే మంచుకొండల ముచ్చట ఎవరికైనా హాయిగానే ఉంటుంది. కానీ మాట మన గుట్టల దగ్గరే మొదలుపెడతాను.

మన చుట్టుపక్కల గ్రానైట్ గుట్ట ఏది ఎక్కినా ఒకటి కనబడుతుంది. బూడిద రంగు బండకు అడ్డంగా తెల్లటి పట్టీ ఒకటి పోతుంటుంది. ఒకచోట జానెడు, ఇంకోచోట మూరెడు వెడల్పు. మిగతా బండలో రవ్వలు బియ్యపు గింజంత ఉంటే ఆ పట్టీలో చింతగింజంత, నిమ్మకాయంత ఉంటాయి. పలుగురాయి, తెల్లగానో గులాబీగానో ఉండే ఫెల్‌స్పార్ అనే ఖనిజం, మనం కాకిబంగారం అనే అభ్రకం. బండలో ఉన్నవే ఇందులోనూ ఉన్నాయి, కాకపోతే పెద్దగా పెరిగాయి. దీన్నే పెగ్మటైట్ అంటారు. కరిగిన రాయి గడ్డకట్టేటప్పుడు ఎందులోనూ ఇమడని సరుకంతా చివరి రసంలో మిగిలిపోతుంది. నీళ్ళు, ఫ్లోరిన్, బెరీలియం, లిథియం ఇట్లాంటివి. నీళ్ళు ఎక్కువున్న రసం పలచగా ఉంటుంది, అందులో అణువులు సులువుగా కదులుతాయి. అందుకే రవ్వలు అంత పెరుగుతాయి.

మరి మన గుట్టల్లో అక్వామరిన్ అనే నీలి రత్నం ఎందుకు దొరకదు? ఈ ప్రశ్న కాలేజీ పిల్లలు తప్పకుండా అడుగుతారు, అడగాలి కూడా. రత్నం లాంటి స్ఫటికం పెరగాలంటే దానికి చోటు కావాలి. ఖాళీ కావాలి. చివరి రసంలోని నీళ్ళు ఆవిరై బుడగ కట్టాలి, ఆ బుడగ నలిగిపోకుండా నిలవాలి. భూమి పైపొరకు దగ్గర్లో, బరువు తక్కువున్న చోటనే అది నిలుస్తుంది. మన గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. పైనున్నదంతా ఎప్పుడో అరిగి కొట్టుకుపోయింది. మనం నిలబడ్డది బాగా లోతున గడ్డకట్టిన రాయి మీద. ఇక్కడి పట్టీలు సందు లేకుండా బిగుసుకుపోయినవి. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని మౌంట్ ఆంటెరో గ్రానైట్ వయసు 3 కోట్ల ఏళ్ళకు అటూ ఇటూ. అది పైపైన చల్లబడింది, ఇంకా పూర్తిగా అరగలేదు. అందుకే దాంట్లో బుడగలు మిగిలాయి. అక్కడివాళ్ళు పాకెట్ అంటారు. చెట్టుకు తొర్ర ఉన్నట్టే ఇది రాయికి తొర్ర. ఈ పూటంతా నేను తొర్ర అనే అంటాను.

ఆంటెరో శిఖరం ఎత్తు సుమారు 4,350 మీటర్లు. ఉత్తర అమెరికాలో ఇంత ఎత్తున రత్నాలు దొరికే చోట్లు చాలా అరుదు. 1880ల నుంచి జనం అక్కడ వెతుకుతూనే ఉన్నారు. లేత నీలం అక్వామరిన్, పొగరంగు పలుగురాయి, ఫ్లోరైట్, ఫెనకైట్ అనే ఖనిజాలు దొరుకుతాయి. 1971లో కొలరాడో అక్వామరిన్‌ను తన రాష్ట్ర రత్నంగా ప్రకటించింది. బెరీలియం గనుల కోసం వేసిన పాత జీపు దారి 4,000 మీటర్లు దాటి పైకి పోతుంది. ఆ దారి వల్ల లాభమెంతో నష్టమూ అంతే, దాని సంగతి తర్వాత చెప్తాను.

మన దేశంలో ఈ కోవలో మొదట చెప్పాల్సింది కశ్మీర్ నీలం. కిష్ట్వార్ జిల్లా పాడర్ లోయలో, సుంజామ్ అనే ఊరి పైన, 4,500 మీటర్ల ప్రాంతంలో ఉందా గని. 1880ల మొదట్లో కొండచరియ విరిగిపడితే నీలాలు బయటపడ్డాయి. కశ్మీర్ మహారాజా కాపలా పెట్టించాడు. 1887లో జియలాజికల్ సర్వే నుంచి లాటూష్ అనే భూశాస్త్రవేత్త పోయి చూసేసరికి పాత తవ్వకంలో మంచి సరుకు అప్పటికే అయిపోవచ్చింది. ఇవాళ్టికీ వేలం శాలల్లో కశ్మీర్ నీలం అని చెప్పుకునే రాళ్ళలో ఎక్కువ భాగం ఆ నాలుగైదు ఏళ్ళలో తీసినవే. ఏడాదిలో మంచు లేని రోజులు రెండు మూడు నెలలు మాత్రమే. అక్కడ నీలం దొరికింది గట్టి రాయిలో కాదు, పెగ్మటైట్‌లోని ఫెల్‌స్పార్ కుళ్ళి తెల్లసుద్దలాగా మారిన మట్టిలో. ఈ మట్టి మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఆల్ప్స్‌లో ఇది తరతరాల పని. అక్కడి మాంట్ బ్లాంక్ శిఖరాన్ని 1786లో మొదటిసారి ఎక్కిన ఇద్దరిలో ఒకడైన జాక్ బల్మా పొట్ట పోసుకున్నది స్ఫటికాలు ఏరి అమ్మే. స్విట్జర్లాండ్‌లో ఈ పని చేసేవాళ్ళను స్ట్రాలర్ అంటారు.

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. పైకి పోయినాక ముందు దెబ్బతినేది మన బుర్ర. 4,300 మీటర్ల దగ్గర గాలిలో ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే 60 శాతమే అందుతుంది. మన ఊరి ఎత్తు 300 మీటర్లకు అటూ ఇటూ. కాజీపేటలో రైలెక్కి ఢిల్లీలో దిగి, అక్కడ విమానమెక్కి 3,500 మీటర్ల లేహ్‌లో దిగినవాళ్ళు ఆ రోజే గుట్ట ఎక్కుతామంటే రాత్రికి తలపోటు, వాంతులు రావచ్చు. కనీసం రెండు రోజులు విశ్రాంతిగా ఉండాలి. 3,000 మీటర్లు దాటినాక ఏ రాత్రి పడకైనా ముందు రాత్రి కన్నా 500 మీటర్ల కంటే ఎక్కువ ఎత్తున ఉండొద్దు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. అసిటజోలమైడ్ మాత్రలున్నాయి, అవి డాక్టరును అడిగే వేసుకోవాలి. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గులో తడి వినబడితే, ఒక కాలి మడమకు ఇంకో కాలి బొటనవేలు ఆనించి గీత మీద నడవమంటే తూలితే, అది రాత్రయినా సరే కిందికి దింపాలి. పొద్దున చూద్దాం అనుకునే వ్యవహారం కాదది.

ఆక్సిజన్ తగ్గితే వచ్చే ఇంకో ఇబ్బంది గురించి ఎవరూ ఎక్కువగా చెప్పరు. నిర్ణయాలు చెడిపోతాయి. కింద ఉన్నప్పుడు ఎంతో ఓపికమంతుడు పైన సుత్తె ఎత్తుతాడు. స్ఫటికాలు పగలడానికి రాయి గట్టిదనం కన్నా ఇదే పెద్ద కారణమని నా లెక్క. అందుకే తొర్ర దొరికితే ఏం చేయాలి, ఎన్ని గంటలకు దిగాలి, ఎవరు ఏం పట్టుకోవాలి అనేవి కిందనే కాయితం మీద రాసుకొని పోవాలి. పైన కొత్తగా ఆలోచించే పని పెట్టుకోవద్దు.

కాలం చూస్తే ఆంటెరోలో జులై నుంచి సెప్టెంబర్ వరకే. మధ్యాహ్నం అయిందంటే ఉరుములు మెరుపులు. తెల్లారకముందే లేచి నడక మొదలుపెట్టి పన్నెండింటి లోపల గట్టు దిగాలి. చెట్టూ చేమా లేని చోట ఎత్తయిన వస్తువు మనమే, చేతిలో ఉన్నది గడ్డపార. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నా, పారలో సన్నటి జుమ్ శబ్దం వినబడ్డా దాన్ని అక్కడే పారేసి పల్లంలోకి దిగాలి. పార తర్వాత తెచ్చుకోవచ్చు.

వెతకడం ఎట్లా అన్నది మన గరీబ్‌పేట నుంచే నేర్చుకోవచ్చు. కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గుట్ట కింది మట్టిలో ఎర్రటి గార్నెట్ గింజలుంటాయి. పుదుచ్చేరి పక్కన అరికమేడులో దొరికిన పాతకాలపు గార్నెట్ పూసలకూ ఈ గుట్టకూ పొంతన ఉందని పరిశోధకులు చూపించారు. గింజ పుట్టింది గుట్ట పైన రాయిలో. వానకు కొట్టుకొచ్చి కింద ఒండ్రులో చేరింది. ఎత్తయిన కొండ మీదా ఇదే లెక్క, కాకపోతే తిరగేసి చదవాలి. కింద జారుడు రాళ్ళలో నీలిముక్క ఒకటి కనబడితే దాన్ని జేబులో వేసుకొని అక్కడే తవ్వడం మొదలుపెట్టొద్దు. దొరికినచోట చిన్న జెండా పాతండి. పదడుగులు పైకి జరగండి, అడ్డంగా వెతకండి. ఇంకోటి దొరికితే ఇంకో జెండా. ఇట్లా పోతుంటే ముక్కలు పరుచుకున్న వెడల్పు పైకి పోయేకొద్దీ తగ్గుతుంది, విసనకర్ర పిడి దగ్గర సన్నబడ్డట్టు. ఒకచోట ముక్కలు హఠాత్తుగా ఆగిపోతాయి. ఆగినచోటికి కొంచెం పైనో, సరిగ్గా అక్కడో తొర్ర ఉండాలి. అంచులు పదునుగా ఉన్న ముక్క దగ్గర్నుంచి వచ్చింది, గుండ్రంగా అరిగింది దూరం నుంచి వచ్చింది.

రాయిలో చూడాల్సిన గుర్తులు కొన్నున్నాయి. గ్రానైట్ రవ్వ పెద్దదవుతూ పోవడం ఒకటి. ఫెల్‌స్పార్‌లో పలుగురాయి గీతలు పాత లిపి రాసినట్టు కనబడితే అది మంచి శకునం. తెల్ల పలుగు పొగరంగుకు తిరగడం, అభ్రకం పుస్తకాల్లా దొంతరలు కట్టడం, తుప్పు మరక, వీటిలో రెండు మూడు ఒకేచోట కలిసి ఉంటే ఆగి చూడాలి. ఒక్కటే ఉంటే ముందుకు నడవండి. తుప్పు మరక ఒక్కదాన్ని నమ్మి రోజంతా మొరం తవ్వేవాళ్ళే ఎక్కువ.

సామాను సంగతి. కిలో, కిలోంబావు సుత్తె ఒకటి. జానెడువి, మూరెడువి రెండు మూడు ఉలులు. రెండు మూడడుగుల గడ్డపార. కళ్ళద్దాలు, తోలు చేతితొడుగులు. అన్నిటికన్నా ఎక్కువ పని చేసేవి వెదురు పుల్లలు, పెయింటు బ్రష్షులు, నీళ్ళు చిమ్మే సీసా. ఉలి తల పుట్టగొడుగులా విచ్చుకుంటే సాన పట్టి అంచులు తీసేయండి. ఆ విచ్చుకున్న రేకులే ఊడి కంట్లో పడేది. సుత్తెను సుత్తెతో ఎప్పుడూ కొట్టొద్దు. తాగే నీళ్ళు మనిషికి మూడు నాలుగు లీటర్లు. అన్నీ కలిపి మూట 15 కిలోలు దాటితే ఎక్కడో ఒకచోట లెక్క తప్పినట్టే, ఎందుకంటే తిరుగు ప్రయాణంలో రాళ్ళు కూడా మోయాలి.

తొర్ర తెరవడం నిదానంగా చెప్తాను, పని మొత్తం ఇక్కడే ఉంది.

రాయి కొట్టే వడ్డెర పనివాళ్ళను చూడండి. బండ మీద సుత్తెతో తట్టి చప్పుడు వింటారు. ఖణేల్‌మంటే గట్టి బండ, బొదబొదమంటే లోపల నెర్రె. వాళ్ళు బండను బలంతో పగలగొట్టరు, అది ఎటు చీలాలనుకుంటున్నదో కనిపెట్టి అటు చీలుస్తారు. ఇక్కడా అంతే. తొర్ర పైకప్పు మీద తట్టితే చప్పుడు మారుతుంది. అక్కడ కొట్టొద్దు. చప్పుడు మారిన చోటు చుట్టూ సుద్దముక్కతో గీసి, ఆ గీతకు కనీసం జానెడు బయట, ఉన్న నెర్రెల వెంబడి ఉలి పెట్టండి. ఉలి మొన ఎప్పుడూ తొర్రకు దూరంగా చూడాలి. కొట్టిన అదురు రాయిలో ఉలి చూసిన దిక్కుకే ఎక్కువ పోతుంది, లోపల స్ఫటికం గోడకు అంటుకొని ఉంటే ఆ అదురుకే మొదలు దగ్గర విరుగుతుంది. ముందు పక్కరాళ్ళు వదులు చేసి గడ్డపారతో ఒక్కొక్కటిగా ఊడబీకి, తొర్రను పక్కనుంచి తెరవాలి. పైనుంచి తెరిస్తే కప్పు లోపల పడి అంతా నుజ్జవుతుంది.

చిన్న సందు పడగానే చేయి పెట్టబుద్ధవుతుంది. పెట్టొద్దు. విరిగిన పలుగురాయి అంచు బ్లేడు లాంటిది. టార్చి వేసి చూడండి. చాలాసార్లు లోపల మెరుపేమీ కనబడదు, ఎర్రమట్టో గోధుమరంగు బంకమట్టో గొంతుదాకా నిండి ఉంటుంది. కొత్తవాళ్ళు ఇది చూసి ఉత్తదే అని వదిలేస్తారు. అసలు సరుకు ఆ మట్టిలోనే. లక్షల ఏళ్ళలో కప్పు నుంచి, గోడల నుంచి స్ఫటికాలు ఊడి కిందపడ్డాయి. ఆ మట్టే వాటిని దూదిలా పట్టుకొని ఉంచింది. పాడర్‌లో తెల్లసుద్ద నీలాలను కాపాడినట్టు.

మట్టిని వెదురుపుల్లతో తీయాలి, ఇనుముతో కాదు. అక్వామరిన్ బెరిల్ అనే ఖనిజం జాతిది. పదికి లెక్కేసే మోస్ కొలతలో బెరిల్ గట్టిదనం 7.5 నుంచి 8, దాన్ని ఇనుము గీయలేదు. కానీ పక్కనే ఫ్లోరైట్ ఉంటే దాని గట్టిదనం 4, గీత పడుతుంది. పుష్యరాగం (టోపాజ్) 8 అయినా అడ్డంగా ఒక్క దెబ్బకు నున్నగా చీలుతుంది, దాని గుణమే అంత. పుల్ల గట్టిదానికి తగిలితే దాన్ని లాగొద్దు. చుట్టూ మట్టి తీస్తూ పోండి, అది తనంతట తాను కదిలేదాకా. లాగితే విరిగేది మధ్యలో కాదు, కొన దగ్గర. కొన పోయిన స్ఫటికం విలువ సగానికి పడిపోతుంది. మట్టి గడ్డకట్టి ఉంటే వేడినీళ్ళు పోసేవాళ్ళున్నారు. మంచులో ఉన్న స్ఫటికం మీద వేడినీళ్ళు పోయడమంటే కాగిన గాజు గ్లాసులో చల్లనీళ్ళు పోయడమే. చల్లటి నీళ్ళు చిమ్ముతూ ఓపిక పట్టాలి. బయటికి తీసింది కూడా వెంటనే ఎండలో పెట్టొద్దు. దాని మట్టితోనే తడి గుడ్డలో చుట్టి నీడలో ఉంచండి. తీసిన మట్టినంతా బకెట్లోకి ఎత్తి జల్లెడ పట్టండి, ఊడిన కొనలు అందులోనే దొరుకుతాయి. ఇంటికి వచ్చినాక విరిగిన ముక్క సరిగ్గా అతికితే అప్పుడు మీరు నాకు దండం పెడతారు.

గుర్తుపట్టడం తొందరగా చెప్పేస్తాను. అక్వామరిన్ ఆరు పలకల కడ్డీ, పైన బల్లపరుపు, పలకల మీద నిలువు గీతలు. పలుగురాయికీ ఆరు పలకలే, కానీ గీతలు అడ్డంగా ఉంటాయి, పైన గోపురంలా మొన తేలుతుంది. పుష్యరాగం అడ్డకోత పేకముక్కల్లోని డైమను ఆకారం, చేతిలో బరువు తెలుస్తుంది. దాని సాంద్రత 3.5, బెరిల్‌ది 2.7. మన దగ్గర ఉంగరాల దుకాణాల్లో కనకపుష్యరాగం అని అమ్మేది సాధారణంగా పసుపురంగు సఫైర్, అంటే నీలం రాయి ఉన్న కురువిందం జాతిదే. నిజమైన పుష్యరాగం వేరే రాయి. పేర్లు ఒకటై రాళ్ళు వేరవడం మన రత్నశాస్త్రంలో పెద్ద తలనొప్పి.

దారి గురించి చెప్తానన్నాను. జీపు దారి పైదాకా పోవడంతో ఒంటికి అలవాటు కాకుండానే జనం గంటలో 4,000 మీటర్లకు చేరతారు, అదొక ప్రమాదం. రెండోది, మంచి జాగాలన్నీ ఎవరో ఒకరి క్లెయిము, అంటే తవ్వుకునే హక్కు కింద ఉంటాయి. అమెరికాలో 1872 నాటి గనుల చట్టం కింద హద్దు గుంజలు పాతుకున్న చోట హక్కుదారు అనుమతి లేకుండా ఒక్క ముక్క ఏరినా దొంగతనమే. ఆల్ప్స్‌లో ప్రాంతాన్ని బట్టి అనుమతిపత్రం కొనాలి. తొర్ర దొరికినవాడు తన పేరు గుర్తున్న పనిముట్టు అక్కడ పెట్టిపోతే మిగతావాళ్ళు దాన్ని ముట్టరు. ఇది నాకు బాగా నచ్చిన కట్టుబాటు. మన దేశంలో తవ్వకానికి 1957 గనుల చట్టం ఉంది. బెరిల్ చాలా ఏళ్ళు అణు ఖనిజాల జాబితాలో ఉండేది, 2023 సవరణతో అందులోంచి తీసి కీలక ఖనిజాల్లో చేర్చారు. అడవి నేల అయితే అటవీశాఖ సంగతి వేరే. పాడర్ గనికి ఉత్తగా పోయి ఏరుకొస్తామంటే కుదరదు. పిల్లలు హిమాలయాలకు ట్రెక్కింగ్ పోయినప్పుడు చూడండి, ఫొటో తీయండి, రాళ్ళు అక్కడే ఉంచండి.

ఇక కడగడం. చాలామంది కొండ మీద కాపాడుకున్నది ఇంట్లో పాడు చేసుకుంటారు. మొదట ఉత్త నీళ్ళు, మెత్తటి బ్రష్షు, వారం రోజులు నానబెట్టడం. తుప్పు మరక అప్పటికీ పోకపోతే ఆక్సాలిక్ ఆమ్లం. లీటరు నీళ్ళకు 50 గ్రాములు చాలు. ప్లాస్టిక్ బకెట్లో, బయట గాలిలో, చేతికి రబ్బరు తొడుగులు, మొహానికి మాస్కు. ఇది విషం, పొడి ముక్కులోకి పోవద్దు, వంటగిన్నెలు వాడొద్దు. మరకను బట్టి రెండు రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. నీళ్ళు ఆకుపచ్చ, పసుపు కలిసిన రంగుకు మారితే ఇనుము దిగుతున్నట్టు. తొందరపడి పొయ్యి మీద పెడితే పసుపురంగు పొర పట్టి మళ్ళీ వదలదు.

మన దగ్గర ప్రత్యేకంగా జరిగే పొరపాటు ఒకటుంది. వరంగల్ బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. కుళాయి మూతికి తెల్లటి గార కట్టేది దానితోనే. ఆ నీళ్ళతో ఆక్సాలిక్ కలిపితే సున్నంతో కలిసి తెల్లటి పొడి పుడుతుంది, స్ఫటికం సందుల్లో చేరి ముసుగేసినట్టు అవుతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి, కలపడానికీ, మొదటి నాలుగైదు కడుగులకూ. కాల్సైట్ అనే సున్నపు ఖనిజం ఉన్న ముక్కను అసలు ఇందులో వేయొద్దు, ఆమ్లం దాన్ని పాడు చేస్తుంది. పని అయినాక బకెట్లో నీళ్ళను మోరీలో పోయకుండా సున్నపు నీళ్ళు కలిపి, బుడద కిందికి దిగినాక పారేయండి. గాజునే తినే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గురించి ఇంటర్నెట్‌లో చదివి ఎవరన్నా అడిగితే నా జవాబు ఒక్కటే, దాని సీసా ఇంట్లోకి రానివ్వొద్దు.

చివరగా చీటీ. స్ఫటికం ఆరగానే వెనక చిన్న తెల్ల పెయింటు చుక్క వేసి నంబరు రాయండి. అదే నంబరుతో పుస్తకంలో కొండ పేరు, ఎత్తు, తొర్ర ఏ దిక్కున ఉంది, తేదీ, పక్కన ఏ ఖనిజాలున్నాయి, విరిగి అతికించిందయితే ఆ మాట కూడా. జెల్ పెన్ను వాడొద్దు, తడి తగిలితే పారుతుంది. పెన్సిలు మంచిది. ఇప్పుడు ఈ బల్ల మీదున్న ముక్కలు చూడొచ్చు. ఒక్కొక్కరుగా రండి, పుష్యరాగం మాత్రం చేతికి తీసుకోకుండా చూడండి.